కవరు మీద మూడో చెయ్యి

షెడ్డు యజమాని ఇచ్చిన కాగితం పట్టుకుని నేను బడి మెట్ల మీద కూలబడ్డ చోట పోయిన వారం కథ ఆగింది. గుర్తులేని వాళ్ళకు మళ్ళీ చెబుతాను, నాకేం విసుగు లేదు. పన్నెండేళ్ళుగా ఒకటో క్లాసుకు అవే అక్షరాలు దిద్దిస్తున్నదాన్ని.

మా బడి ఒక పాత గోదాం షెడ్డులో నడుస్తుంది. పిల్లలు నలభై ఒక్కమంది, ఫీజు కట్టి చదివించలేని ఇళ్ళవాళ్ళు. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలని ఆ కాగితం. షెడ్డును వేరే ఎవరో కొంటున్నారట. ఎవరని అడిగితే యజమాని నా మొహం చూడకుండా పైకప్పు రేకుల వంక చూశాడు. అయితే మనిషి మరీ చెడ్డవాడు కాదు. మేమే కొంటామంటే అదే ధరకు ముందు మాకే ఇస్తానని, నెలాఖరు దాటితే మాత్రం తన చేతిలో లేదని చెప్పాడు. అంత సొమ్ము ఉన్నది ఒక్కచోటే, మా సేవా క్లబ్బు వాళ్ళ బడి నిధిలో.

ఆ నిధి పెట్టి పోయిన పెద్దాయన టైలరు. పాపం, మనుషుల్ని నమ్మి చాలాసార్లు దెబ్బతిన్నాడేమో, షరతులన్నీ కుట్టు కుట్టుకీ ముడి వేసి మరీ పెట్టాడు. నిధిలోంచి ఎవరికి ఏం ఇవ్వాలన్నా ఓటు గుండీలతోనే. ఒక్కో మెంబరుకు కోటు గుండీ అంత చెక్క గుండీలు రెండిస్తారు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఒప్పుకుంటే తెల్లది, లేదంటే నల్లది పెట్టెలో వెయ్యాలి. మిగిలిన గుండీని పిడికిట్లోనే ఉంచుకుని, లెక్క అయ్యాక ఎవరూ చూడకుండా గుడ్డసంచిలో వదలాలి. పెట్టెలో ఒక్క నల్లది కనబడ్డా ఆ పని ఆ వారానికి పోయినట్టే. మళ్ళీ వారం, ఆ పై వారం అడగొచ్చు. మూడుసార్లు దాటితే ఇంక ఆ ఊసే ఎత్తకూడదు.

మీటింగుకు రాలేనివాళ్ళకు జత ముందురోజే ఇంటికి పంపిస్తారు. వాళ్ళు తమ గుండీని కవర్లో పెట్టి, అంటించి, వచ్చే మెంబరు ఒకరి చేతికివ్వాలి. తెచ్చినవాళ్ళు పుస్తకంలో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. ‘వారి చేతి నుంచి నా చేతికి, మూడో చెయ్యి పడలేదు.’ పడిందని తేలితే ఆ ఓటు చెల్లదు. తెచ్చినవాళ్ళు ఇంక జన్మలో క్లబ్బు మెట్లెక్కకూడదు.

ఈ గురువారం రాలేని మెంబరు మా వదిన. మా ఆయనకు అక్క. నర్సుగా చేసి రిటైరైంది. నన్ను క్లబ్బులో చేర్పించింది ఆవిడే, షెడ్డులో మొదటి పలక కొన్నదీ ఆవిడే. పదిరోజుల కిందట స్నానాల గదిలో జారిపడి కాలికి సిమెంటు కట్టుతో మంచం మీదుంది. ముందురోజు సాయంత్రం గుండీల జత, కవరు నేనే ఇచ్చి వచ్చాను. తెల్లది పడేస్తే షెడ్డు నీదే, ఇంక ఆ ఏడుపు మొహం మార్చు అని నవ్వి పంపించింది.

పొద్దున కవరు తెచ్చుకోవలసిందీ నేనే. తీరా ఆ రోజే రెండో టీచరు వేళకు రాలేదు. పిల్లల్ని వదిలి కదలడానికి లేదు. మా ఆయన తనెటూ అక్క ఇంటికి తలుపు గడియ బిగించడానికి పోతున్నానని, కవరు పట్టుకొస్తానని అన్నాడు. మా ఆయన వడ్రంగి. మాట తక్కువ మనిషి. బడిలో బెంచీలన్నీ ఆయన చేసినవే, కూలి అడగలేదు. ఆ మాటకొస్తే క్లబ్బు గుండీలు అంచులు విరిగిపోతే పోయిన ఏడాది కొత్తవి లేతు మిషను మీద తిప్పి ఇచ్చింది కూడా ఆయనే.

పదిన్నరకు వచ్చి కవరు చేతిలో పెట్టాడు. బొటనవేలికి నల్ల పాలిష్ అంటి ఉంది. కవరుకు మరక చేస్తారేమిటని కసిరాను. ఎవరిదో కుర్చీ పని అంటూ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండు పనులు నాకు ఒకేసారి పెడతావేమిటి దేవుడా అనుకుంటూ, అప్పుడే వచ్చిన రెండో టీచరుకు పిల్లల్ని అప్పగించి నేను క్లబ్బుకు పరిగెత్తాను. పుస్తకంలో ఆ వాక్యం గబగబా రాసి సంతకం గీకాను. అక్కాతమ్ముళ్ళు, మొగుడూ పెళ్ళాం, అంతా ఒక్క ఇల్లే కదా, ఇందులో మూడో చెయ్యి ఎక్కడిది అనుకున్నాను. అబద్ధం రాస్తున్నానన్న స్పృహ కూడా నాకు కలగలేదు.

క్లబ్బు గది ఫోటో స్టూడియో మీద మేడ. పొడుగు బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గోడవారన టీ ఫ్లాస్కు. నాతో కలిపి పన్నెండుమంది వచ్చారు. నాకు ఇచ్చిన పది నిమిషాల్లో పిల్లల గురించి చెప్పాను. ఏడుపు రాకుండా చెప్పాలని ఇంట్లో రెండుసార్లు చెప్పి చూసుకున్నాను కాబట్టి గొంతు నిలబడింది. అందరూ తలలూపారు. ఒక్క ఇనుప సామాన్ల కొట్టాయన తప్ప. ఆయన్ను చాటుగా అందరం ‘కాదుగారు’ అంటాం. ఫ్యాన్లు మారుద్దామంటే కాదు, కిటికీకి పరదా వేద్దామంటే కాదు, చివరికి టీలోకి బిస్కెట్లు మారుద్దామన్నా కాదే. ఆయన తల ఊపకుండా పైకప్పు చూస్తుంటే నాకు షెడ్డు యజమాని గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

గుండీలు వేశాం. చివర్లో కంటి డాక్టరైన మా ప్రెసిడెంటు వదిన కవరు తీసుకున్నాడు. అందులోది చూడకుండా పెట్టెలోకి ఒంపాలి. మూత ఊడి రాలేదు. గోటితో లాగాడు, పెన్నుతో పొడిచాడు. నర్సమ్మగారు కవరు అంటించారా, మంచం కోళ్ళు అంటించారా అన్నాడు. అందరం నవ్వాం. నేనైతే ఇంకాస్త ఎక్కువే నవ్వాను. చివరికి కవరు అంచు చింపి ఒంపాడు.

తర్వాత పెట్టె బోర్లించాడు. ఆకుపచ్చ గుడ్డ మీద పన్నెండు తెల్లవి, మధ్యలో ఒకటి నల్లగా.

పొద్దున ఒకటో క్లాసు పిల్ల ఒకతి, టీచర్, రేపు కూడా ఇక్కడికే రావాలా అని అడిగింది. తిన్నగా ఇక్కడికే రా అని చెప్పి వచ్చాను. అది గుర్తొచ్చింది. ఇంక నా నోటికి తాళం లేకపోయింది. కాదుగారి వైపు తిరిగి అనకూడనివన్నీ అన్నాను. మీ మనవలు కార్లలో బడికి పోతారు, మా పిల్లలు ఏ గుంటలో పోతే మీకేం అన్నాను. బిస్కెట్లకీ పిల్లలకీ తేడా తెలియని మనిషి పెద్దరికం ఎందుకు, తగలెయ్యడానికా అన్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను.

కాదుగారు కోప్పడలేదు. నేను ఆయాసంతో ఆగేదాకా కూర్చుని, తర్వాత బల్ల మీద పిడికిలి విప్పాడు. అరచేతిలో నల్ల గుండీ ఉంది. అంటే పెట్టెలో వేసింది తెల్లది.

“నేను చాలావాటికి కాదన్నానమ్మా టీచరమ్మా,” అన్నాడు. “పిల్లల బడికి అనలేదు.”

మిగిలిన గుండీని చూపించడం మా దగ్గర తప్పు. అన్నేళ్ళుగా రూలు రూలు అని ప్రాణం తీసిన మనిషి, నేనన్న మాటలకు ఆ రూలు తనే తెంపాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అంతలో ఆయన పక్కనున్న ఫోటో స్టూడియో ఆయన చెయ్యి విప్పాడు. నల్లది. మందుల కొట్టావిడ విప్పింది. నల్లది. ప్రెసిడెంటు, ఆయన పక్కన పోస్టుమాస్టరు తాతగారు, అలా బల్ల చుట్టూ ఒక్కొక్క చెయ్యీ తెరుచుకుంటూ వచ్చింది. ఆఖరున నాది. పన్నెండు చేతుల్లో పన్నెండు నల్ల గుండీలు.

మిగిలింది చింపిన కవరు. అందరూ దాన్ని చూసి, తర్వాత నన్ను చూశారు. ఎవరి ఓటు వాళ్ళిష్టమమ్మా, మనం అడగడానికి లేదు, వచ్చే వారం మళ్ళీ చూద్దాం అని ప్రెసిడెంటు నెమ్మదిగా అన్నాడు. కాదుగారికి క్షమాపణ కూడా చెప్పకుండా లేచాను. మెట్లు ఎలా దిగానో తెలియదు.

మా ఆయన మీదికి నా ఆలోచన పోలేదు. చెప్పుకుంటే సిగ్గు కానీ, పోలేదు. రోజూ పట్టుకు నడిచే చేతికర్రను ఎవరు అనుమానిస్తారు? దారంతా వదిననే తిట్టుకున్నాను. మొదటి పలక కొన్న చేత్తోనే నల్లది వేసిందా అనుకున్నాను. నిన్నటి ఆ నవ్వు కూడా నటనే అనుకున్నాను. పైగా ఆ నల్ల గుండీని చంకలో సంచిలో పెట్టుకుని, ఎక్కడ నలుగుతుందోనని జాగ్రత్తగా మోసుకెళ్ళి ఇచ్చింది నేను. నా బడికి నేనే దగ్గరుండి గొయ్యి తీయించాను.

వదిన దిండ్లకు చేరగిలబడి పేపరు చదువుతోంది. నన్ను చూడగానే ఆత్రంగా లేవబోయింది.

“ఎందుకు చేశావు?” అన్నాను. పన్నెండేళ్ళలో ఆవిడను ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. “ఇష్టం లేకపోతే నిన్ననే నా మొహాన చెప్పొచ్చుగా. కవర్లో పెట్టి నా చేతే మోయించాలా?”

ఆవిడకు అర్థం కాలేదు. నేను ఆగలేదు. పిల్లల పేరు చెప్పుకుని నలుగురిలో పేరు తెచ్చుకున్నావన్నాను. నీ కాలు విరిగిందని రోజూ గంజి కాచి తెచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ అన్నాను. అంత మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గేస్తుంది. కాలు విరిగి మంచం మీదున్న మనిషిని తిట్టడం ఏ బడిలో నేర్చుకున్నానో.

వదిన నా తిట్లన్నీ అయ్యేదాకా విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. మంచం పక్క బల్ల మీద మందుల డబ్బా ఉంది. దాని మూత తియ్యమని చేత్తో చూపించింది. తీశాను. మాత్రల పక్కన చుట్టిన దూది మీద ఒక గుండీ ఉంది.

నల్లది.

“వచ్చే వారం నీకిచ్చి పంపిద్దామని దాచాను,” అంది. “తెల్లది కవర్లో వేశాను. ఇంకేం వేస్తాననుకున్నావు?”

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. క్షమించండి వదినా అనాలనుకున్నాను. ఆవిడ మాత్రం నన్ను చూడడం లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు దుప్పటి అంచు మడతలు పెడుతోంది. కవరు ఎలా అంటించారని ఊరికే, మాట కోసం అడిగాను.

“నేనెక్కడ అంటించాను? ఇంట్లో జిగురు లేదంటే తమ్ముడే వర్క్‌షాపులో అంటిస్తానని పట్టుకెళ్ళాడు,” అంది. అని, నోరు అలాగే తెరిచి ఉంచింది. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఊడి రాని ఆ మూత చెక్క జిగురుతో అంటించింది. నల్ల గుండీలు చెయ్యడం తెలిసిన మనిషి మా ఊరంతటికీ ఒక్కడే.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ తుడుచుకోలేదు. వాడు నా చెయ్యి పట్టుకుని నడక నేర్చుకున్నాడే అని ఒక్కసారి అంది. కాసేపటికి నర్సు గొంతుతో, సూది పొడిచే ముందు రోగికి చెప్పినట్టు చెప్పింది. తను డాక్టరుకు ఫోన్ చేసి తెల్లదే వేశానని చెబుతుందట. తన పేరు మీద నల్లది మోస్తూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదట. ఆ తర్వాత ఏం చెబుతావో నీ ఇష్టం, అతను నీ మొగుడు, నేను చెప్పమనను, వద్దనను అంది.

వర్క్‌షాపు బడికి రెండు వీధుల అవతల. ఇరుకు గది, లేతు మిషను పెడితే మనిషి పక్కకు ఒంగి నడవాలి. గుమ్మం దగ్గరికి వచ్చేదాకా ఒకే ఒక్క ఆశ పట్టుకుని నడిచాను. జిగురు పెడుతుంటే కింద పడి గుండీ మారిపోయి ఉంటుంది. చీకటి మూల, చేతిలో పాలిష్, పొరపాటున ఒకటి బదులు ఒకటి పడి ఉంటుంది. పొరపాటే అయితే ఇంటికెళ్ళి నాలుగు తిట్టి అన్నం పెట్టేదాన్ని.

ఆయన వాకిలి వైపు వీపు పెట్టి కుర్చీకాలును ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. బల్ల మీద పాలిష్ డబ్బా మూత బోర్లించి ఉంది. దాని మీద మూడు గుండీలు. ఒకటి తెల్లది, అది వదినది. మిగిలిన రెండూ నల్లవి. ఇంకా ఆరలేదు, తడిగా మెరుస్తున్నాయి.

రెండు. మొదట నాకు తట్టలేదు. తట్టాక గుమ్మం పట్టుకున్నాను. ఆయన తిరిగి చూశాడు. నా చూపు ఎక్కడుందో చూశాడు. గుండీలు దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

“ఇంకా రెండెందుకు?” అన్నాను.

“మూడుసార్లు అడగొచ్చని నువ్వే కదా చెప్పావు,” అన్నాడు.

అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పాడు. పైన మేకుకు ఒక కాగితం వేలాడుతోంది, పెన్సిలు గీతలతో. దగ్గరికి వెళ్ళి చూశాను. రెండు కిటికీలు, మూల నీళ్ళ కుళాయి, వెనక వైపు చిన్న తలుపు. కళ్ళు మూసుకుని కూడా నేను నడవగలిగిన గది అది. నల్లబల్ల ఉన్న గోడ దగ్గర ‘పెద్ద లేతు’ అని రాసి ఉంది. ఒకటో క్లాసు కూర్చునే చోట ‘కలప’ అని ఉంది. అది ఆయన చేతిరాతే. షెడ్డు యజమాని పైకప్పు ఎందుకు చూశాడో అప్పుడు అర్థమైంది. పాపం, నా మొగుడి పేరు నాకెలా చెబుతాడు?

ఆయన కాగితం వంక చూస్తూ మాట్లాడాడు. అడ్వాన్సు ఇచ్చేశానన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ బిలంలో ఒంగి ఒంగి నడుం పోయిందన్నాడు. పెద్ద ఆర్డర్లన్నీ చోటు లేక వదిలేస్తున్నానని ఎవరికీ చెప్పుకోలేదన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు.

“పిల్లలకు నువ్వు ఎక్కడో ఒక చోటు చూడగలవు. నీకా నోరుంది,” అన్నాడు. “బడికి ఏం కావాలో ఊరందరినీ అడుగుతావు. నాకేం కావాలని ఒక్కరోజు అడిగావా?”

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అబద్ధమైతే మొహాన కొట్టినట్టు జవాబు చెప్పేదాన్ని. అడగలేదు, నిజమే. కానీ అడగని పెళ్ళానికి చెప్పుకోవడానికి నోరు లేదా ఈయనకు? ఆ బెంచీలు చేసేటప్పుడు ఒక్కో పిల్ల ఎత్తూ దారంతో కొలిచాడు. ఆ పిల్లల్నే వీధిలోకి తోసే గుండీని అదే చేతులతో, అంత శ్రద్ధగా పాలిష్ పెట్టి చేశాడు. తెలిసి తెలిసి నా చేతికిచ్చి నన్ను పంపించాడు. పుస్తకంలో నేనేం రాసి సంతకం పెడతానో కూడా తెలుసు, ఆ వాక్యం ఆయనకు చదివి వినిపించింది నేనే. మోసమంటే ఇదే. ఇంకా మంచి మాట ఏదన్నా ఉంటే నాకు తెలియదు.

సంచిలో ఫోన్ మోగింది. కంటి డాక్టరు. నర్సమ్మగారు ఇప్పుడే మాట్లాడారని, తెల్లదే వేశానంటున్నారని, ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదని అన్నాడు. క్లబ్బులో అందరూ కదలకుండా కూర్చునే ఉన్నారట. కాదుగారు టీ కూడా తాగలేదట. కవరు మీద మూడో చెయ్యి పడిందని తేలితే ఆ నల్లది చెల్లదని, పన్నెండు తెల్లవాటితో షెడ్డు ఈ రోజే బడిదవుతుందని నెమ్మదిగా గుర్తుచేశాడు. తేలితే నేను ఇంక ఆ మెట్లెక్కలేనని, ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ ఇళ్ళలో పనులు చేసే మా ఆయన బతుకుతున్నాడని మాత్రం గుర్తుచెయ్యలేదు. అది నాకు గుర్తుంది.

“సంతకం మీది టీచరమ్మా, అందుకే మిమ్మల్నే అడుగుతున్నాం,” అన్నాడు. “కవరు ఆవిడ చేతి నుంచే తీసుకున్నారా? ఒక్క మాట చెప్పండి.”

మా ఆయన ఉప్పుకాగితం కింద పెట్టి, నా నోటి వంక చూస్తూ నిలబడ్డాడు.